కణితుల జాతులను వేరుచేసిన మహావైద్యుడు: రుడాల్ఫ్ విర్కో

చర్మముపై కాని, చర్మము అడుగున కాని ఒక చిన్న గడ్డ కనిపించినచో ఇంటిల్లిపాదికి నిద్ర పట్టదు. కొందరు దానిని చూచి ప్రాణాంతకమైన వ్యాధియే వచ్చినదని నిశ్చయించుకొని కుమిలిపోవుదురు. కొందరు సిగ్గుపడి పైట చాటునను, చొక్కా చేతుల క్రిందను దాచుకొందురు. మరికొందరు ఏమియు కాదని ఏండ్ల తరబడి ఉపేక్షింతురు. ఈ మూడును సరియైన మార్గములు కావు. ఆ గడ్డ ఏ జాతికి చెందినదో తెలిసికొనుటయే మొదట చేయవలసిన పని. అట్లు తెలిసికొను విద్యకు పునాదులు వేసినవారిలో అగ్రగణ్యుడు జర్మను వైద్యుడు రుడాల్ఫ్ విర్కో. ఆ మహాశయుని చరిత్రమును మా విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలుపుట మేలని తలంచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము. ఇంట ఒక భాషయు, కచేరీలో మరియొక భాషయు వినుచు బ్రదుకు మాబోటివారు ప్రత్యేకముగా తెలిసికొనదగిన ఘట్టము ఒకటి ఆయన జీవితమున కలదు. దానిని యథాస్థానమున చెప్పెదము.

విర్కో 1821వ సంవత్సరము అక్టోబరు 13వ తేదీన ప్రష్యా రాజ్యమునందలి పొమెరేనియా ప్రాంతమున షీవెల్‌బైన్ అను చిన్న పట్టణములో జన్మించెను. ఆ పట్టణము ఇప్పుడు పోలండు దేశములో ష్విద్విన్ అను పేరుతో ఉన్నది. తండ్రి కొద్దిపాటి వ్యవసాయము చేసికొనుచు పట్టణపు కోశాధికారిగా కూడ పనిచేసెను. విర్కో తల్లిదండ్రులకు ఏకైక పుత్రుడు. ఇంట సంపద లేదు. కాని బాలునికి చదువునందు అపారమైన ఆసక్తి ఉండెను. కోస్లీన్ పట్టణమునందలి ఉన్నత పాఠశాలలో చదివి 1839లో తుది పరీక్షకు కూర్చుండినప్పుడు, శ్రమతో నిండిన జీవితము మనుష్యునకు భారము కాదనియు, అది వరమే అనియు ఆయన ఒక వ్యాసము వ్రాసెను. పదునెనిమిదేండ్లు నిండని బాలుడు వ్రాసిన ఆ మాటలను ఎనుబది యేండ్లు నిండిన వృద్ధుడు తన బ్రదుకుతో నిలబెట్టుకొనెను.

ఆ దినములలో బెర్లిను నగరమున బీద కుటుంబములకు చెందిన ప్రతిభావంతులకు ఉచితముగా వైద్యవిద్య గరపి, పిమ్మట వారిని సైనిక వైద్యులుగా నియమించు సంస్థ ఒకటి ఉండెను. విర్కో ఆ సంస్థలో విద్యార్థి వేతనము సంపాదించి 1839లోనే చేరెను. అచ్చట యోహాన్నెస్ ముల్లర్ అను శరీరశాస్త్రవేత్త ఆయనకు గురువు. 1843లో వైద్య పట్టము పొంది, చారిటే అను ప్రసిద్ధ వైద్యశాలలో పని ప్రారంభించెను. మృతదేహములను పరీక్షించి వ్యాధుల కారణములను కనుగొనుట ఆయన ముఖ్య కర్తవ్యము. 1846లో ఆ శాఖకు ఆయనయే పెద్ద అయ్యెను. 1845లో, తెల్లకణములు మితిమీరి పెరుగు రక్తవ్యాధిని ఆయన వర్ణించెను. అదే సంవత్సరమున స్కాట్లండు వైద్యుడు బెన్నెట్ కూడ అట్టి రోగిని గూర్చి ప్రకటించెను. ఆ వ్యాధికి లుకేమియా అను పేరు విర్కో పెట్టినదే. రక్తనాళములలో రక్తము గడ్డకట్టుటయు, ఆ గడ్డ తెగి మరియొక చోటికి కొట్టుకొనిపోయి అడ్డుపడుటయు ఎట్లు జరుగునో విశదముగా చూపినవాడును ఆయనయే. 1847లో మిత్రుడగు రైన్‌హార్ట్‌తో కలిసి ఒక వైద్యశాస్త్ర పత్రికను స్థాపించెను. అది నేటికిని విర్కో పేరుతోనే వెలువడుచున్నది.

ఇప్పుడు మేము ముందు సూచించిన ఘట్టమునకు వచ్చెదము. 1848వ సంవత్సరపు ఆరంభమున ప్రష్యా ఏలుబడిలోని ఎగువ సైలీషియా ప్రాంతమున టైఫస్ అను విషజ్వరము ప్రబలి వేలకొలది జనులు మరణించుచుండిరి. ప్రభుత్వము పరిశీలనకై పంపిన వైద్యులలో విర్కో ఒకడు. అప్పటికి ఆయన వయస్సు 26 సంవత్సరములు. ఆయన సుమారు మూడు వారములు గ్రామములలో తిరిగి, ఇంటింటను ప్రవేశించి, రోగులను పరీక్షించెను. అచ్చటి ప్రజలు పోలిష్ భాష మాటలాడువారు; అధికారులు జర్మను భాష మాటలాడువారు. ప్రజల గోడు అధికారులకు అర్థము కాదు. అధికారుల ఉత్తరువులు ప్రజలకు అర్థము కావు. ఆకలి, మురికి, ఇరుకు ఇండ్లు, అవిద్య అన్నియు ఒక్కచోట చేరియుండెను.

విర్కో తిరిగి వచ్చి సమర్పించిన నివేదిక ప్రభుత్వమును ఆశ్చర్యపరచెను. మందుల పేర్లు వ్రాసియిచ్చి ఊరకుండుననుకొన్న యువకుడు, ఆ ప్రజలకు కావలసినది విద్యయు, స్వపరిపాలనయు, మంచి దారులును, వ్యవసాయాభివృద్ధియు, న్యాయమైన పన్నులును అని వ్రాసెను. అంతటితో ఆగక, పోలిష్ భాషను అధికార వ్యవహారములలో గుర్తింపవలెనని కోరెను. రోగి చెప్పునది వైద్యునకు తెలియనిచో వైద్యము కుంటుపడునని ఆయన ఆ గ్రామములలో కన్నులారా చూచెను. తన మాతృభాష కాని భాష కొరకు, తన జాతి కాని జనుల కొరకు ఒక యువ వైద్యుడు అట్లు వాదించుట చరిత్రలో అరుదైన విషయము.

ఆయన బెర్లినునకు మరలి వచ్చిన కొలది దినములకే, 1848 మార్చి నెలలో విప్లవము చెలరేగెను. విర్కో ప్రజల పక్షమున నిలిచి వీధులలో అడ్డుగోడలు కట్టుటలో పాల్గొనెను. వైద్య విధానమును సంస్కరింపవలెనని ఒక వారపత్రికను కూడ నడపెను. విప్లవము అణగిపోయిన పిమ్మట ప్రభుత్వాగ్రహమునకు గురియై 1849లో బెర్లిను ఉద్యోగమునకు దూరమయ్యెను. అదే సంవత్సరము వ్యూర్ట్స్‌బుర్గ్ విశ్వవిద్యాలయము ఆయనను ఆచార్యుడుగా ఆహ్వానించెను. 1850లో రోజె మేయర్ అను యువతిని వివాహమాడెను. వారికి ఆరుగురు సంతానము.

వ్యూర్ట్స్‌బుర్గులో గడపిన ఏడు సంవత్సరములు ఆయన శాస్త్ర జీవితమునకు వసంతకాలము. ప్రాణుల శరీరములు కణములతో నిర్మితములని ష్లైడెన్, ష్వాన్ అనువారు 1838, 1839 సంవత్సరములలోనే చెప్పిరి. కాని క్రొత్త కణము ఎట్లు పుట్టునను విషయమున వారు పొరపడిరి. ఏదో ఒక ద్రవము నుండి కణములు పేరుకొని ఏర్పడునని తలంచిరి. ఒక కణము రెండుగా చీలుటవలననే క్రొత్త కణము కలుగునని రాబర్ట్ రెమాక్ అను శాస్త్రవేత్త సూక్ష్మదర్శినిలో చూచి చెప్పెను. ఆ సత్యమును వ్యాధులకు కూడ అన్వయించి, లోకమంతటికిని నచ్చజెప్పినవాడు విర్కో. ప్రతి కణమును మరియొక కణము నుండియే పుట్టుననియు, వ్యాధి యనగా శరీరములోని కణములు దారితప్పుటయే అనియు ఆయన బోధించెను. 1856లో బెర్లిను విశ్వవిద్యాలయము ఆయనను గౌరవముతో తిరిగి పిలిచి, ఆయన కొరకు ఒక ప్రత్యేక పరిశోధనాలయమును నిర్మించెను. 1858లో అచ్చట ఇచ్చిన 20 ఉపన్యాసములు కణరోగశాస్త్రము అను గ్రంథముగా వెలువడినవి. ఆ గ్రంథము వైద్యశాస్త్రపు మార్గమునే మార్చివేసెను.

ఈ సూత్రమునకును, చర్మముపై లేచు గడ్డకును సంబంధమేమని విద్యార్థులు అడుగవచ్చును. సంబంధము మిక్కుటముగా కలదు. అంతకు పూర్వము వైద్యులు గడ్డలను వాటి రూపమునుబట్టియు, మెత్తదనమునుబట్టియు, రంగునుబట్టియు విభజించుచుండిరి. మన దేశమున సుశ్రుతుడు గ్రంథి యనియు, అర్బుదమనియు భేదము చేసి, కొవ్వువలన ఏర్పడు గ్రంథిని వేరుగా పేర్కొనెను. అది కంటితో చూచియు, చేతితో తాకియు చేసిన గొప్ప పరిశీలన. కాని గడ్డలో ఉన్న కణములను చూచుటకు ఆ కాలమున సాధనము లేదు. ప్రతి కణమును మరియొక కణము నుండియే పుట్టుచున్నచో, ప్రతి కణితికిని ఒక పుట్టినిల్లు ఉండి తీరవలెను. కొవ్వు కణముల నుండి పుట్టినది ఒకటి, నరపు తొడుగు నుండి పుట్టినది మరియొకటి, రక్తనాళము నుండి పుట్టినది వేరొకటి. పుట్టినిల్లు తెలిసినచో దాని నడవడి కూడ చాలవరకు తెలియును. 1862–63 శీతకాలమున విర్కో కణితులను గూర్చి 30 ఉపన్యాసములు ఇచ్చెను. వాని ఆధారముగా 1863 నుండి 1867 వరకు వ్యాధిజనిత కణితులు అను గ్రంథము మూడు సంపుటములలో వెలువడెను. మూడవ సంపుటము పూర్తి కాకయే నిలిచిపోయెను. ఐనను, బొడ్డుతాడులోని జిగటపదార్థమును పోలిన కణితికి మిక్సోమా యనియు, మెదడులోని ఆధార కణముల నుండి పుట్టు కణితికి గ్లయోమా యనియు ఆయన పెట్టిన పేర్లను వైద్యులు నేటికిని వాడుచున్నారు.

విర్కో సూక్ష్మదృష్టికి ఒక చక్కని నిదర్శనము చెప్పెదము. చలిగాలి తాకినప్పుడు కాని, భయము కలిగినప్పుడు కాని మన మేని రోమములు నిక్కబొడుచుకొనును. కవులు దీనిని రోమాంచమని వర్ణింతురు. ప్రతి రోమకూపమునకును అంటియున్న సన్నని కండరము ఒకటి ముడుచుకొనుటవలన ఇది కలుగును. అట్టి నునుపు కండరముల నుండి చర్మములో అరుదుగా కణితులు పుట్టును. వీనికి లియోమయోమా అని పేరు. 1854లో వీనిని మొట్టమొదట వర్ణించినవాడు విర్కో. ఇవి సాధారణముగా కందిగింజంత మొదలు రేగుపండంత వరకు ఉండి, ఎరుపు కలిసిన గోధుమవన్నెతో, గట్టిగా ఉండును. ఒక్కటిగా రావచ్చును, వీపుపైనను, భుజములపైనను, చేతులపైనను గుంపుగా కూడ రావచ్చును. వీనికి ఒక విచిత్ర లక్షణము కలదు. చల్లని నీరు పడినను, చలిగాలి సోకినను, తాకినను, ఒక్కొక్కప్పుడు మనస్సు కలతపడినను తీవ్రమైన పోటు కలుగును. చలికి కండరము ముడుచుకొనును గదా! కణితిలో ఉన్నదియు కండరమే కావున అదియు ముడుచుకొని బాధించును. పుట్టినిల్లు తెలిసినచో నడవడి తెలియుననుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము లేదు.

ఈ కణితి క్యాన్సరు కాదు; ఇతర అవయవములకు ప్రాకదు. ఒక్కటియే ఉన్నచో ఆ చోటికి మాత్రము మత్తు ఇచ్చి కోసి తీసివేయుదురు. పెక్కు ఉన్నచో అన్నింటిని కోయుట కష్టము. కోసినను ప్రక్కన మరల పుట్టవచ్చును. అప్పుడు చలికి ఎడముగా ఉండుమని చెప్పి, కండరపు బిగువును సడలించు నిఫెడిపిన్ వంటి మందులను గాని, నరముల పోటును తగ్గించు మందులను గాని వైద్యులు ఇత్తురు. కాని విర్కో కాలమున తెలియని ముఖ్యవిషయము ఒకటి తరువాత తెలియవచ్చెను. ఇట్టి కణితులు పెక్కు ఉన్న కొన్ని కుటుంబములలో స్త్రీలకు చిన్న వయస్సుననే గర్భాశయములో కండర కణితులు కలుగుటయు, కొందరికి మూత్రపిండములో క్యాన్సరు వచ్చుటయు కనుగొనబడినది. దీనికి కారణమైన జన్యువు 2002లో గుర్తింపబడెను. తల్లికి కాని తండ్రికి కాని ఆ లోపము ఉన్నచో ప్రతి బిడ్డకును అది సంక్రమించుటకు సగము అవకాశము కలదు. కావున అట్టి కుటుంబములవారు తమ మూత్రపిండములను వైద్యులచే క్రమముగా పరీక్షింపించుకొనవలెను. చర్మముపై కనిపించు చిన్న గడ్డలు లోపల ఉన్న పెద్ద అపాయమునకు ముందుగా మ్రోగు గంట కావచ్చునని దీనివలన తేలుచున్నది.

మంచి గురువునకు మంచి శిష్యులు లభింతురు. ఫ్రీడ్రిక్ ఫాన్ రెక్లింగ్‌హౌజెన్ అను వైద్యుడు 1858 నుండి 1864 వరకు విర్కోకు సహాయకుడుగా ఉండి, పిమ్మట స్ట్రాస్‌బుర్గులో ఆచార్యుడయ్యెను. గురువుగారి పరిశోధనాలయమునకు 25 ఏండ్లు నిండిన సందర్భమున, 1882లో, ఆయన ఒక గ్రంథమును కానుకగా సమర్పించెను. ఒడలంతయు మెత్తని బొడిపెలు లేచు రోగులను పరీక్షించి, ఆ బొడిపెలు నరపు తొడుగుల నుండి పుట్టుచున్నవని అందు నిరూపించెను. ఆ వ్యాధికి నేడు న్యూరోఫైబ్రోమటోసిస్ అని పేరు. సుమారు 3,000 జననములకు ఒకరిలో ఇది కనిపించును. పసితనమున మేనిపై పాలు కలిపిన కాఫీ రంగు మచ్చలు ఆరు గాని అంతకు మించి గాని ఉండుటయు, చంకలలో చిన్న చిన్న చుక్కలు కనిపించుటయు దీనికి తొలి గుర్తులు. సగముమందికి తల్లిదండ్రుల నుండి వచ్చును. తక్కిన సగముమందిలో ఆ జన్యులోపము క్రొత్తగా ఏర్పడును. ఇది పూర్వజన్మ పాపము కాదు, దిష్టి కాదు, అంటువ్యాధి అసలే కాదు. ఇట్టి పిల్లవాడు తరగతిలో ఉన్నచో వాని ప్రక్కన కూర్చుండుటకు వెనుదీయువారు అజ్ఞానులని మేము నిస్సంకోచముగా చెప్పుచున్నాము. ఈ బొడిపెలలో పెక్కు ప్రాణాపాయము లేనివి. బాధించువానిని, వికారముగా పెరుగువానిని కోసి తీయుదురు. కోయుటకు వీలులేని లోతైన వానికి సెలుమెటినిబ్ అను మందు 2020లో అమెరికాలో అనుమతి పొందెను. కొద్దిమందిలో మాత్రము ఒక కణితి చెడుజాతిగా మారవచ్చును. ఏండ్ల తరబడి మెత్తగా ఉన్నది అకస్మాత్తుగా గట్టిపడి, పెరిగి, నొప్పి పెట్టినచో ఆలస్యము చేయరాదు.

విర్కో పరిశోధనాలయమునందే మునిగియుండలేదు. 1859లో బెర్లిను నగరసభకు సభ్యుడుగా ఎన్నికై మరణపర్యంతము సేవ చేసెను. నగరపు మురుగునీరు వీధులలో నిలిచి రోగములు పుట్టించుట చూచి, హోబ్రెక్ట్ అను ఇంజనీరు రచించిన భూగర్భ కాలువల పథకమునకు బాసటగా నిలిచెను. నగరసభ ఆసుపత్రుల నిర్మాణమునకును, మాంస పరీక్షా విధానమునకును పాటుపడెను. 1861 నుండి ప్రష్యా శాసనసభలో ఉండి ప్రధానమంత్రి బిస్మార్కును ఎదిరించుచుండెను. 1865లో బిస్మార్కు కోపించి ద్వంద్వయుద్ధమునకు పిలువగా, విర్కో అట్టి పద్ధతిని అంగీకరింపక నిరాకరించెను. జర్మనీలోని 67 లక్షలకు పైగా పాఠశాల బాలబాలికల కన్నుల రంగును, జుట్టు రంగును, మేని ఛాయను లెక్కవేయించి, స్వచ్ఛమైన ఒకే జాతి యనునది ఎచ్చటను లేదని 1886లో వెల్లడించెను. జాతి గర్వముతో మైమరచువారికి ఆ లెక్కలు గుణపాఠమయ్యెను.

మహాత్ములు పొరపాటు చేయరనుకొనుట భ్రమ. క్యాన్సరు చర్మపు పై పొర కణముల నుండి పుట్టినను, అది లోపలి సంధాన కణజాలము నుండి పుట్టునని విర్కో చాలకాలము వాదించెను. 1865లో థీర్ష్ అను వైద్యుడును, పిమ్మట వాల్డెయరును ఆ అభిప్రాయము తప్పని నిరూపించిరి. నియాండర్తల్ లోయలో దొరికిన ప్రాచీన మానవుని పుర్రెను చూచి, అది వ్యాధిగ్రస్తుడగు నేటి మనుష్యునిదే అని ఆయన 1872లో చెప్పిన మాటయు నిలువలేదు. సూక్ష్మజీవులే అంటురోగములకు కారణమను మాటను గూడ ఆయన సులభముగా ఒప్పుకొనలేదు.

వీనికంటె మిక్కిలి వివాదమునకు గురియైనది యువరాజు ఫ్రెడరిక్ వ్యాధి. 1887లో యువరాజు గొంతులో ఒక చిన్న కణితి కనిపించెను. జర్మను శస్త్రవైద్యులు అది క్యాన్సరేయని అనుమానించి గొంతు కోసి తీయవలెననిరి. ఇంగ్లండు నుండి పిలిపింపబడిన మెకెంజీ అను వైద్యుడు ముందు చిన్న ముక్కను తీసి విర్కోకు పంపవలెనని పట్టుపట్టెను. విర్కో సూక్ష్మదర్శినిలో పరీక్షించి, తనకు పంపిన ముక్కలో క్యాన్సరు గుర్తులు లేవని తెలిపెను. కాని ఆ ముక్క ఎచ్చటి నుండి తీసినదో, దాని అడుగున ఏమి ఉన్నదో దానినిబట్టి తేల్చుట సాధ్యము కాదు. విర్కో మాట ఆ ముక్కకే పరిమితము. తక్కినవారు దానిని గొంతంతటికిని వర్తింపజేసికొనిరి. శస్త్రచికిత్స ఆగిపోయెను. ఫ్రెడరిక్ 1888 మార్చి 9న చక్రవర్తియై, 99 దినములు మాత్రమే ఏలి, జూన్ 15న కన్నుమూసెను. మృతదేహ పరీక్షలో క్యాన్సరు స్పష్టముగా కనిపించెను. సూక్ష్మదర్శిని అబద్ధము చెప్పదు. కాని దానికి అందించిన ముక్కను గూర్చియే అది చెప్పగలదు. అందువలననే నేటి వైద్యులు కణితి ముక్కను తగిన చోటు నుండి, తగినంత లోతు నుండి తీయుదురు. పరీక్షాఫలమునకును, రోగి లక్షణములకును పొందిక కుదరనిచో మరల తీయుదురు.

విర్కో తన పరిశోధనాలయమున 20,000కు పైగా నమూనాలను సేకరించి, 1899లో వానికి ఒక ప్రదర్శనశాలను తెరచెను. 1901లో ఆయన 80వ జన్మదినమును ఘనముగా జరిపిరి. 1902 జనవరి 4వ తేదీన బెర్లిను వీధిలో కదలుచున్న ట్రాము నుండి దిగబోయి పడి ఆయన తొడ ఎముక విరిగెను. ఆ దెబ్బ నుండి పూర్తిగా కోలుకొనక, అదే సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీన ఆ కర్మయోగి పరమపదించెను. 1906లో బెర్లినులో ప్రారంభమైన పెద్ద ఆసుపత్రికి ఆయన పేరు పెట్టిరి.

ఈ చరిత్రము నుండి మా ఇండ్లకు తీసికొనిపోవలసిన విషయములను కొన్నింటిని చెప్పెదము. చర్మములోను, దాని అడుగునను లేచు గడ్డలలో అధికభాగము ప్రాణాపాయము లేనివే. ఐనను ఐదు సెంటీమీటర్లకు మించినది, త్వరగా పెరుగుచున్నది, కండరముల లోతున కదలక ఉన్నది, నొప్పి పెట్టునది, కోసి తీసినను మరల వచ్చినది, ఇట్టివానిని వెంటనే వైద్యునకు చూపవలెను. గోరు క్రింద చల్లని నీరు తాకినంతనే ప్రాణము పోవునంతటి పోటు కలిగినచో అది గ్లోమస్ కణితి కావచ్చును. 1924లో మాసోన్ అను వైద్యుడు వివరించిన ఈ చిన్న కణితిని పూర్తిగా తీసివేసినచో ఏండ్ల బాధ తీరిపోవును. నల్లజీడి రసము పూయుట, సున్నము పెట్టుట, దారముతో బిగించుట, కాల్చుట మొదలగు పనులు చేయరాదు. అవి చర్మమును పుండు చేయును. అసలు రూపును చెరిపి వైద్యుని కూడ తికమకపెట్టును. కోసి తీసిన కణితిని పారవేయక సూక్ష్మదర్శిని పరీక్షకు పంపుమని అడుగుట రోగికి హక్కు.

ఇక భాష మాట. మేము తెలుగు నేర్పువారము, తమిళనాట బ్రదుకువారము. మా విద్యార్థులు ఇంట తెలుగును, అంగడిలోను ఆసుపత్రిలోను తమిళమును వాడుదురు. అవ్వకో, తాతకో ఒంట బాగుండనప్పుడు వారి వెంట ఆసుపత్రికి పోయి దుబాసీలుగా నిలుచువారు పెక్కుసారులు ఈ పిల్లలే. మన ఇండ్లలో చీము పట్టిన సెగగడ్డను గడ్డ యందుము. లోపల లేచిన కణితిని గడ్డయే యందుము. తమిళమున కట్టి యను మాట కూడ ఇట్లే రెండింటికిని చెల్లును. ఈ ఒక్క మాటను మాత్రమే చెప్పి ఊరకున్నచో వైద్యుడు ఒకటి తలంచును, రోగి బాధ మరియొకటి. మన పెద్దలకు మెత్తగా కదలు దానికి కంతి, చీము పట్టినదానికి సెగగడ్డ, చర్మముపై మొలచినదానికి పులిపిరి అని వేర్వేరు మాటలు కలవు. ఆ మాటలను మరువక నేర్చుకొనవలెను. అది ఎప్పుడు పుట్టినది, ఎంత కాలములో ఎంత పెరిగినది, చలికి పోటు పుట్టునా, వేడికా, కుటుంబమున ఇంకెవరికైన కలదా అని అవ్వను తెలుగులో అడిగి, వైద్యునకు తమిళములో తప్పులేకుండ చెప్పగల పిల్లవాడు సగము వైద్యము చేసినవాడగును. చలికి నొప్పి కలుగుననెడి ఒక్క మాట జారిపోయినచో అరుదైన కణితి గుర్తింపబడకయే పోవచ్చును.

సైలీషియా గ్రామములలో విర్కో చూచిన కొరత ఇదియే. ఆ ప్రజలకు తమ మాటను అవతలి ఒడ్డునకు చేర్చు వంతెన లేకపోయెను. మా పిల్లలకు రెండు భాషలును అబ్బినవి. రెండింటిని శ్రద్ధతో చదివి, తమ ఇండ్లలోని నోరులేని వృద్ధులకు నోరై నిలువవలెనని మేము కోరుచున్నాము.